బాలింత ఎలుకలకు రెండో వడ్డన

గరిటె మావయ్య ఇంట్లో ఎలుకలు భోజనానికి వరసలో నిలబడేవి. గరిటె మోగగానే ఎవరి పళ్లెం వాళ్లు పట్టుకుని, బాలింతలు ముందు, గర్భిణులు వెనక, తోసుకోకుండా వచ్చి నిలబడేవి. తిన్నాక పళ్లెం కడిగి, బోర్లించి మరీ వెళ్లేవి.

సరే, అలా చూడకండి. పళ్లేలు అందరికీ ఉండేవి కావు. నిజం చెప్పాలంటే ఆ వరసలో పళ్లెం పట్టుకొచ్చేది ఒక్కరే, కడిగి బోర్లించేదీ ఆ ఒక్కరే. ఆ ఒక్కరు ఎవరన్నది తర్వాత తెలుస్తుంది. కానీ వరస మాత్రం నిజం. నాలుగు పంజరాల్లోనూ నాలుగు ఎలుకలు వెనక కాళ్ల మీద లేచి, చేతులు రెండూ ఊచలకు ఆనించి, మూతులు బయటికి పెట్టి ఎదురుచూడటం పాలు పోసే ఆవిడ కళ్లారా చూసింది. ఆవిడ నాలాగా కోతలు కోసే మనిషి కాదు.

మావయ్య ఎవరికీ సొంత మావయ్య కాదు. వీధి వీధంతటికీ మావయ్యే. ఒక కాలేజీ హాస్టల్లో వంట చేసి చేసి రిటైరయ్యాడు. అన్నేళ్లూ గంగాళాల్లోనే వండాడు కాబట్టి ఆయన చేతికి చిన్న కొలత తెలియదు. ఉప్పు అంటే పిడికెడు. చెంచాతో ఉప్పు వెయ్యడం మందుల షాపువాళ్ల పని అని ఆయన గట్టి నమ్మకం. పిల్లలు వచ్చేవాళ్లు, తినేవాళ్లు, నీళ్లు తాగేవాళ్లు, మళ్లీ నీళ్లు తాగేవాళ్లు, లేచి వెళ్లిపోయేవాళ్లు.

భోజనాల గది చివర ఒక కిటికీ ఉండేది. మారు వడ్డన కావలసినవాళ్లు అక్కడికి రావాలి. మావయ్య రోజూ గరిటె పట్టుకుని, తువ్వాలు భుజాన వేసుకుని ఆ కిటికీలో నిలబడేవాడు. ఎవరూ వచ్చేవాళ్లు కాదు. ఒక మూల సాలీడు గూడు కట్టుకుని, సంసారం పెట్టి, మనవలను కూడా ఎత్తింది. ఒకే ఒక్కసారి ఒక కుర్రాడు పళ్లెం పట్టుకుని తిన్నగా కిటికీ వైపు నడిచి వచ్చాడు. మావయ్య గబగబా భుజాన తువ్వాలు సర్దుకున్నాడు. గరిటె గంగాళంలో ముంచేశాడు కూడా.

“మావయ్యా, తిన్న పళ్లేలు ఎక్కడ పెట్టాలి?” అన్నాడు ఆ కుర్రాడు.

ఆ మాట మావయ్యకు రిటైరయ్యాక కూడా కలలో వినిపించేది.

ఇంట్లోనూ పరిస్థితి అంతే. భార్య కాన్పుల వార్డులో నర్సు. ఆవిణ్ణి అందరూ నర్సమ్మ అనే పిలుస్తారు. ఆవిడ డ్యూటీ నుంచి వచ్చి, ఆయన వండింది మాట్లాడకుండా తిని, ఒక చెంబెడు నీళ్లు తాగి పడుకునేది. మాట్లాడకపోవడమే ఆవిడ చేసిన పెద్ద త్యాగం.

ఇలా ఉండగా పక్క వీధిలో కాపురముంటున్న కూతురు ఒక సాయంత్రం అట్టపెట్టె పట్టుకుని వచ్చింది. ఆ అమ్మాయి బళ్లో సైన్సు టీచరు. పాఠం కోసమని మచ్చిక చేసిన ఎలుకలను మూడింటిని బడికి తీసుకెళ్లింది. ఇద్దరు అక్కచెల్లెళ్లు, ఒక మగాడు. హెడ్‌మాస్టరమ్మ పెట్టెలోకి తొంగిచూసి, కుర్చీ ఎక్కి, కుర్చీ మీద నుంచే ఆర్డరు వేసింది: ఇవి గేటు దాటేదాకా నేను దిగను.

“రెండు రోజులు ఉంచు నాన్నా,” అంది కూతురు.

“రెండు రోజులేగా?”

“రెండే రెండు రోజులు.”

ఆ అమ్మాయి గడప దాటకముందే నర్సమ్మ పెట్టెలో చెయ్యి పెట్టి, తెల్లగా బొద్దుగా ఉన్నదాన్ని అరచేతిలోకి తీసుకుంది. వేళ్లతో పొట్ట మెల్లగా తడిమింది. ఎన్ని వందల కడుపులు చూసిన చెయ్యో అది.

“ఏమండీ, ఇది వట్టి మనిషి కాదు.”

“అసలు మనిషే కాదు కదే,” అన్నాడు మావయ్య.

“కడుపుతో ఉందంటున్నాను. మీ వంట దీనికి పెట్టారంటే ఊరుకోను. ఉప్పు వద్దు. కారం వద్దు. నూనె వద్దు. కడుపుతో ఉంది కదా అని కుక్కి కుక్కి పెట్టకండి. కొవ్వు పడితే కనడానికి కష్టపడుతుంది. రోజూ పెట్టే గింజలకి తోడు కాస్త గుడ్డు, కాస్త సోయా, అంతే.”

“అంతేనా? పాపం, కడుపుతో ఉన్నది!”

“కన్నాక చూడండి తమాషా. అన్ని పిల్లలకీ పాలివ్వాలిగా. అప్పుడు పెట్టలేక మీ చేతులే పడిపోతాయి.”

మావయ్య వెంటనే వంటింట్లోకి వెళ్లి, పసిపిల్లకు నీళ్లు పోయడానికి సరిపోయే గిన్నె పొయ్యి మీద పెట్టాడు. గుడ్లు డజను ఉడికించాడు. ఎలుక ఆ డజనులో ఒక గుడ్డు మీద చిటికెడు గిల్లుకుని, మూతి తుడుచుకుని, పడుకుంది. మిగతాది ఇంటిల్లిపాదీ తినవలసి వచ్చింది. అప్పుడు మావయ్య అటక ఎక్కి, కూతురి చిన్నప్పటి బొమ్మల వంటసామాను దింపాడు. అందులో ఒక బుల్లి గిన్నె, ఒక బుల్లి గరిటె ఉన్నాయి. జీవితంలో మొట్టమొదటిసారి ఆయన కొంచెం వండటం నేర్చుకున్నాడు. గోధుమ నూక మెత్తగా ఉడికించడం, నానబెట్టిన సోయా గింజలు నలపడం, అందులో గుడ్డు చిదమడం, క్యారెట్ సన్నగా తురిమి చల్లడం. ఉప్పు డబ్బా వైపు చెయ్యి దానంతట అదే వెళ్తుంటే రెండో చేత్తో పట్టుకుని వెనక్కి లాక్కునేవాడు. చివరికి గరిటెతో గిన్నె అంచు మీద టంగుమని మూడుసార్లు కొట్టేవాడు. హాస్టల్లో వడ్డనకు ముందు అలా కొట్టడం అలవాటు. చేతికి పట్టిన అలవాటు ఊరికే పోతుందా?

తెల్లది కన్నది. ఆ కన్నదానికి దొరసాని అని పేరొచ్చింది. ఎందుకంటే కాన్పయిన మర్నాడు, పిల్లలను కాగితం పీలికల కింద దాచిపెట్టి, గిన్నెడు ముద్దా ఊడ్చేసి, ఊచల దగ్గరకు వచ్చి, రెండు చేతులూ ఆనించి మావయ్య వైపు చూసింది.

మావయ్య వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరినైనా చూస్తోందేమోనని. వెనక ఎవరూ లేరు. ఇంకో గరిటె వేశాడు. అదీ తినేసింది. మళ్లీ వచ్చి నిలబడింది.

ఆయన కళ్లు తుడుచుకుంటూ వంటింట్లోకి వచ్చాడు.

“ఏమైందండీ?”

“ఏం లేదే. ఉల్లిపాయలు.”

“ఉల్లిపాయలు ఎలుకలకి పెట్టకూడదని చెప్పానా లేదా!”

“పెట్టలేదే తల్లీ. ఊరికే తలుచుకున్నాను.”

అప్పటినుంచి వెనకగది ఎలుకల గది అయిపోయింది. దొరసాని, దాని చెల్లెలు చిన్నక్క, ఇంట్లోనే పుట్టి పెరిగిన పంతులమ్మ, వీళ్ల ముగ్గురికీ మూడు పంజరాలు. నాలుగోది మగాడిది. వాడి పేరు గుమాస్తా. కళ్ల చుట్టూ కళ్లజోడు లాంటి మచ్చలు, ప్రతి మూలనూ వాసన చూసి తప్పు పట్టే స్వభావం. పాలు మరిచిన పిల్లలను చిలకల షాపు ఆవిడ పట్టుకెళ్లి, పెంచుకునే పిల్లలున్న ఇళ్లకు ఇచ్చేది. మావయ్య రోజూ నీళ్ల సీసాలు కడిగేవాడు, గూళ్లకు కాగితాలు చింపి ఇచ్చేవాడు, తినకుండా మూల దాచుకున్న మెత్తటి ముద్ద పులిసిపోకుండా వెతికి తీసేసేవాడు. బాలింత వంటి మీద చెయ్యి వేసే ముందు చేతులు తుడుచుకుని, గొంతు సవరించుకునేవాడు. పొద్దునొకటి, సాయంత్రమొకటి టంగుటంగులు. అంతకంటే ఏం కావాలి మనిషికి?

అప్పుడు అత్తగారు వచ్చింది.

నర్సమ్మ తల్లి ఇక ఇక్కడే ఉంటానని ఒక ఇనప్పెట్టె, ఒక గొడుగు తీసుకుని దిగింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని అల్లుడి వైపు చూసింది.

“ఏమయ్యా అల్లుడూ, ఇది కూరా, సముద్రమా?”

“కాస్త ఉప్పు పడిందండీ అత్తయ్యగారూ.”

“కాస్తేమిటి? ఓడలు నడపొచ్చు.”

ఆవిడకు మంచం ముందుగదిలో వేశారు. లారీలు ఆవిడ తలగడ మీద నుంచే వెళ్తున్నట్టు మోగేవి. తలుపు తట్టిన ప్రతివాడూ ఆవిడ నిద్రే తట్టేవాడు. మూడోనాడు ఆవిడ గొడుగు పట్టుకుని ఇల్లంతా తిరిగి, వెనకగది తలుపు తోసింది. చల్లగా ఉంది, నిశ్శబ్దంగా ఉంది, కిటికీలోంచి పక్కింటి జామకొమ్మ కనిపిస్తోంది. గొడుగుతో గోడ కొలిచింది.

“నా మంచం ఇక్కడ. పెట్టె అక్కడ. ఈ ఎలుకలు బయట.”

బయట అంటే చిలకల షాపే. గది పోతే ఎలుకలు పోతాయి. ఎలుకలు పోతే మళ్లీ ఆ సాలెగూటి కిటికీలో నిలబడ్డట్టే. మావయ్య నోరు తెరిచేలోపు నర్సమ్మ అడ్డం వచ్చింది.

“అమ్మా, చిన్నక్క పచ్చి బాలింత. బాలింతని కదిలించకూడదు. పిల్లలు పాలు విడవనీ, అప్పుడు ఖాళీ చేయిద్దాం.”

ఈ విషయంలో నర్సమ్మకు సొంత తల్లీ లేదు, పెద్ద డాక్టరూ లేడు. వార్డులో ఒకసారి ఆ పెద్ద డాక్టరునే తలుపు బయట నిలబెట్టింది.

బాలింతను కదిలించకూడదన్న మాట మావయ్య చెవిలో తేనె పోసినట్టు పడింది. ఆ మధ్యాహ్నమంతా ఆయన కుర్చీలో కూర్చుని పైకప్పు చూస్తూ చిన్నగా నవ్వుకున్నాడు. ఈ గదిలో ఎప్పుడూ ఎవరో ఒక బాలింత ఉంటే?

ఇక గుమాస్తాకు బదిలీ మీద బదిలీ. చిన్నక్క పిల్లలు పాలు విడిచేసరికి పంతులమ్మ కన్నది. పంతులమ్మ పిల్లలు గింజలు నమిలేసరికి దొరసాని మళ్లీ బాలింతయింది. అత్తగారు ప్రతిసారీ గొడుగు పట్టుకుని రావడం, నర్సమ్మ “ఇంకొన్నాళ్లు ఆగమ్మా” అనడం.

“మీ ఎలుకలకి ఇంకో పనేమీ లేదుటే?” అనేది ఆవిడ.

ఒకరోజు నర్సమ్మ డ్యూటీకి వెళ్తూ మరిచిపోయిన సంచీ కోసం వెనక్కి వచ్చింది. వెనకగది గుమ్మంలో మావయ్య గుమాస్తాను రెండు చేతుల్లో పట్టుకుని, చెవిలో ఏదో చెబుతున్నాడు.

“కాస్త బుద్ధిగా మసులుకో. పరువు తియ్యకు.”

“ఎక్కడికండీ పెళ్లివారు?” అంది నర్సమ్మ.

మావయ్య ఉలిక్కిపడ్డాడు. “ఊరికేనే. వీడికి కాస్త గాలి మార్పు.”

“చిన్నక్క పంజరంలోనా గాలి మార్పు?” ఆవిడ గుమాస్తాను లాక్కుంది. “సిగ్గులేదూ మీకు? వెంటవెంటనే కాన్పులయితే వాటి ఒళ్లేం కావాలి? ఆ దొరసానిని చూడండి, పాలిచ్చి పాలిచ్చి పడుకునే తింటోంది. గది కోసం దాని ప్రాణం తీస్తారా?”

మావయ్య తల వంచుకున్నాడు. గది గురించి ఆలోచించినవాడికి ఆ మాట నిజంగానే తట్టలేదు. గుమాస్తా పంజరం వీధి వరండాలోకి, చెప్పుల స్టాండు మీదికి వెళ్లిపోయింది. తీర్పు కూడా వచ్చేసింది: దొరసాని పిల్లలు పాలు విడిచాక అన్నీ చిలకల షాపుకి, మంచం వెనకగదికి. ఇంక వాయిదా లేదు.

ఆ మర్నాడు పొద్దున్నే మావయ్య ప్రాయశ్చిత్తంగా దొరసాని కోసం మంచి ముద్ద చేశాడు. ఒకరి తర్వాత ఒకరు బాలింతలైన రోజుల్లో చేసి చేసి గిన్నె పెద్దదయింది కాబట్టి అది పింగాణీ గిన్నెలో నిండుగా వచ్చింది. చల్లారడానికి బల్ల మీద పెట్టి, అలవాటుకొద్దీ టంగుటంగుమని కొట్టి, నీళ్ల సీసాలు కడగడానికి పెరట్లోకి వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి వంటింట్లోంచి చెంచా అడుగు గీకుతున్న చప్పుడు.

బల్ల దగ్గర అత్తగారు. గిన్నె అద్దంలా మెరుస్తోంది.

“అల్లుడూ,” అంది ఆవిడ చెంచా నాకి. “ఇంకాస్త ఉందా?”

ఆ మాట మావయ్య ఇన్నేళ్లుగా ఎదురుచూసిన మాట. ఒక మనిషి నోట, అందులోనూ ఈ మనిషి నోట. ఎలుకల ముద్ద అని చెప్పడానికి నోరు తెరిచాడు. తెరిచిన నోరు, “ఉందండీ, వేడివేడిగా చేసిస్తాను,” అనేసింది.

వెనకగదిలో దొరసాని ఊచలు పట్టుకుని గొడవ చేస్తోంది.

అప్పటినుంచి రోజూ రెండు గిన్నెలు. టంగుమనగానే లోపల దొరసాని లేచి నిలబడేది, ముందుగదిలో మంచం కిర్రుమనేది. అత్తగారి బుగ్గలు నిండాయి. లారీలను తిట్టడం కూడా తగ్గించింది. మావయ్య విషయం చెప్పింది కూతురికొక్కదానికే.

“నాన్నా, చెప్పెయ్యి.”

“చెప్తే గొడుగుతో కొడుతుందే.”

“చెప్పకపోతే?”

“చెప్పకపోతే రేపు కూడా అడుగుతుంది,” అన్నాడు మావయ్య, పెళ్లికొడుకులా సిగ్గుపడుతూ.

కానీ వెనకగదిలో దొరసాని పిల్లలు కళ్లు తెరిచాయి. తల్లి గిన్నెలోకి పాక్కుంటూ వచ్చి ముద్దలో మూతులు ముంచడం మొదలుపెట్టాయి. అవి ఒక్కో మెతుకు నమిలినకొద్దీ మావయ్యకు గది అంగుళం అంగుళం తగ్గినట్టుండేది. చిత్రమేమిటంటే ఆ గదిని కాపాడగలిగే మాట ఒకటి ఆయన దగ్గర ఉంది. “అత్తయ్యగారూ, ఎలుకలు పోతే మీ ముద్ద కూడా పోతుంది.” ఆ మాట అంటే ఆ ముద్ద ఎవరిదో చెప్పాలి. చెబితే ఆవిడ ఇక తినదు. రాత్రీ పగలూ ఆ మాట మింగలేక, కక్కలేక, మావయ్య చిక్కి సగమయ్యాడు.

ఆ రోజు రానే వచ్చింది. నర్సమ్మ సెలవు పెట్టింది. చిలకల షాపు ఆవిడ రెండు పెద్ద బుట్టలతో గుమ్మంలో నిలబడింది. కూతురు తండ్రి పక్కన నిలబడింది.

“ఆఖరిసారి పెట్టేసి పంపిస్తానే,” అన్నాడు మావయ్య.

“పెట్టండి,” అంది నర్సమ్మ.

మావయ్య గిన్నె పట్టుకుని వెనకగదిలోకి వెళ్లి టంగుమని మూడుసార్లు కొట్టాడు. దొరసాని లేచింది. చిన్నక్క లేచింది. పంతులమ్మ లేచింది. వరండాలో చెప్పుల మీద గుమాస్తా కూడా లేచాడు. అందరూ చేతులు ఊచలకు ఆనించి నిలబడ్డారు. ముందుగదిలో మంచం కిర్రుమంది. అత్తగారు అలవాటు ప్రకారం కళ్లు సగం మూసుకునే, పళ్లెం పట్టుకుని, చిలకల షాపు ఆవిణ్ణి పక్కకు జరిపి, తిన్నగా నడిచివచ్చి, పంతులమ్మ పంజరం పక్కన వరసలో నిలబడింది.



నర్సమ్మ గిన్నెను చూసింది, ఎలుకలను చూసింది, పళ్లేన్ని చూసింది, చివరికి తల్లిని చూసింది.

“అమ్మా. అదేమిటో నీకు తెలుసా?”

“తెలియకేం? మొదటిరోజే తెలుసు.” అత్తగారు కళ్లు పూర్తిగా తెరిచింది. “గది కొలవడానికి వచ్చినప్పుడల్లా చూస్తూనే ఉన్నాను. కడుపుతో ఉన్నదానికి ఇంత, పాలిచ్చేదానికి అంత. గుడ్డు చిదిమి, ఉప్పు లేకుండా, ఊది ఊది చల్లార్చి పెట్టడం. నాకేమో సముద్రం. నలుగుర్ని కన్నానే నేను. ఒక్క పూటైనా నాకు ఎవరన్నా ఊది పెట్టారా?”



“మరి చెప్పలేదేం అత్తయ్యగారూ?” అన్నాడు మావయ్య.

“చెప్తే నువ్వు సిగ్గుపడి మానేస్తావని.”

“మరి ఈ గది?” అంది నర్సమ్మ.

“ఈ గది నాకెందుకే? వీటికి వండటం ఆగిపోతే నాకు ఈ ముద్ద పెట్టేదెవరు? ముందుగదిలో వచ్చేపోయేవాళ్లు కనిపిస్తున్నారు, కాలక్షేపం. ఆ కళ్లజోడువాణ్ణి చెప్పుల మీద ఎందుకు పెట్టారు, పాపం? లోపల పెట్టండి. దూరంగా.” పళ్లెం ముందుకు చాపింది. “వడ్డించు అల్లుడూ. దొరసాని నన్నే చూస్తోంది.”

మావయ్య వడ్డించాడు. బాలింతకు ముందు, అత్తగారికి తర్వాత, మిగతావాళ్లకు ఆ తర్వాత. నర్సమ్మ అక్కడికక్కడే షరతు పెట్టింది: ఇక మీద ఏ ఎలుకైనా బాగా కోలుకున్నాకే ఇంకో కాన్పు, గుమాస్తా బదిలీలు తన చేతిలోనే. మావయ్య దేనికైనా సరే అన్నాడు. అప్పటికాయన వినడం లేదు. అత్తగారు రెండోసారి చాపిన పళ్లెం వైపు చూస్తున్నాడు.

ఖాళీ బుట్టలతో వెళ్లబోతున్న చిలకల షాపు ఆవిడకు కూడా మర్యాదకు ఒక గరిటె పెట్టారు. ఆవిడ రుచి చూసి, ఆలోచించి, “బాగుంది గానీ, కాస్త ఉప్పు పడాలి,” అంది. ఎలుకలతో సహా అందరూ ఆవిడ వైపు తిరిగి చూశారు. ఆవిడ గబగబా చెప్పులు వేసుకుంది.

అత్తగారు పళ్లెం కడిగి బోర్లించింది.

ఈ కథ మొన్న మావయ్యకు ఆయన వరండాలోనే చదివి వినిపించాను. లోపల మంచం కిర్రుమంటుండగా, చొక్కా జేబులోంచి కళ్లజోడు మచ్చల మూతి ఒకటి బయటికి వచ్చి గాలి వాసన చూస్తుండగా, ఆయన మొత్తం శ్రద్ధగా విన్నాడు. తర్వాత జేబు మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

“అంతా పచ్చి అబద్ధం. మా అత్తగారు అలాంటిదేదీ తినలేదు. మా ఇంట్లో ఎలుకలే లేవు. అసలు నాకు వంటే రాదు.”